పర్యావరణం దెబ్బతింటే దేశం దాటేదెవరు?

ఉత్తరాంధ్ర నుంచి వెల్డరుగానో ఫిట్టరుగానో గల్ఫ్‌కు బయల్దేరిన కుర్రాణ్ని కారణం అడిగితే, పర్యావరణం పాడైందని చెప్పడు. ఊళ్లో పని లేదంటాడు. చెల్లెలి పెళ్లి అప్పు ఉందంటాడు. బావ అక్కడే ఉన్నాడు, వీసా చూస్తానన్నాడంటాడు. మూడూ నిజమే. ఊళ్లో పని ఎందుకు లేదు, అప్పు ఎందుకు తీరలేదు అని ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే మాత్రం కూలిన కొబ్బరిచెట్టో, చేప పడని వలో, డయాలసిస్ ఖర్చో బయటపడుతుంది. పర్యావరణానికీ వలసకూ ఉన్న సంబంధం ఎక్కువగా ఇలా రెండో మూడో జవాబు వెనకాల ఉంటుంది. అందువల్లే దాన్ని లెక్కగట్టడం కష్టం. అసలు లేదనేవాళ్లకూ, కొండంత చేసి చెప్పేవాళ్లకూ కూడా ఇదే సందు.

కొండంత చేసి చెప్పడానికి వాడే అంకెల సంగతి ముందు చూడాలి. 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా వాతావరణ కారణాలతో ఇల్లు వదలాల్సి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. అందులో దక్షిణాసియా వాటా 4 కోట్ల పైమాటే. ఈ అంకె వచ్చినప్పుడల్లా దాని పక్కన సముద్రంలో కిక్కిరిసిన పడవ ఫొటో ఒకటి పడుతుంటుంది. కానీ ఆ అంచనా మొత్తం సొంత దేశంలోనే ఒక చోటి నుంచి మరో చోటికి కదిలేవాళ్ల గురించి. సరిహద్దు దాటేవాళ్లు అందులో లేరు. జెనీవాలోని అంతర్గత నిర్వాసితుల పర్యవేక్షణ కేంద్రం 2024లో విపత్తుల వల్ల 4.58 కోట్ల తరలింపులు జరిగాయని లెక్క తేల్చింది. ఇవీ దేశాల లోపలివే. పైగా అవి మనుషుల లెక్క కాదు, తరలింపుల లెక్క. తుపాను షెల్టరులో రెండు రాత్రులు ఉండి ఇంటికొచ్చినవాళ్లూ అందులో ఉంటారు. ఒకే కుటుంబం ఏడాదిలో రెండుసార్లు ఖాళీ చేస్తే రెండుగా పడుతుంది. అంకెలు తప్పని కాదు. వాటిని చూపించి ఐరోపా సరిహద్దుల గురించో, అసోం సరిహద్దు గురించో భయపెట్టడం తప్పు.

మరి దేశం దాటేవాళ్లు ఎవరు? దీనికి విశాఖపట్నం చుట్టుపక్కల ఉన్నన్ని ఉదాహరణలు ఒకేచోట దొరకడం అరుదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలులు వీచాయి. నగరంలో చెట్టన్నది మిగల్లేదు, రోజుల తరబడి కరెంటు లేదు. నాలుగేళ్ల తర్వాత, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతంలో తీరం దాటింది. గాలి వేగంలో హుద్‌హుద్ కన్నా తక్కువే. అయినా వలస విషయంలో రెండింటికీ పోలికే లేదు. హుద్‌హుద్ తర్వాత విశాఖ ఖాళీ కాలేదు సరికదా, పునర్నిర్మాణ పనులకు బయటి నుంచే మనుషులు వచ్చారు. పోర్టు, నేవీ, ఉక్కు కర్మాగారం, రైల్వే, బ్యాంకులు ఉన్న ఊరు ఇది. నెలాఖరుకు జీతం పడే కుటుంబాలు ఎక్కువ. పైకప్పు ఎగిరిపోయినా ఆదాయం ఎగిరిపోలేదు.

తిత్లీ తాకిన శ్రీకాకుళం తీరప్రాంతం ఉద్దానంలో పోయింది ఆదాయమే. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటలే జీవనాధారం. వరి మునిగితే ఒక పంట పోతుంది, వచ్చే ఖరీఫ్‌కు మళ్లీ నాటుకోవచ్చు. కొబ్బరిచెట్టు కూలితే కొత్త మొక్క కాపుకు రావడానికే ఐదారేళ్లు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. ఈ మధ్య కాలం ఎలా గడవాలన్నదే అసలు ప్రశ్న. నష్టపరిహారం చెట్టుకింత అని ఒకసారి వస్తుంది. ఏళ్ల తరబడి రావాల్సిన కాయ డబ్బు దాంతో భర్తీ కాదు. తుపాను ఎంత బలమైనదన్న దానికన్నా, పోయిన జీవనాధారం తిరిగి నిలబడటానికి ఎన్నేళ్లు పడుతుందన్నది వలసను ఎక్కువగా నిర్ణయిస్తుంది. వాతావరణ శాఖ బులెటిన్లలో ఆ అంకె ఉండదు.

ఉద్దానానికి ఇంకో దెబ్బ చాలా ఏళ్ల నుంచి ఉంది, కిడ్నీ జబ్బు. నీళ్లా, నేలా, వేడా, పురుగుమందులా, వీటన్నిటి కలయికా అన్నది ఇప్పటికీ తేలలేదు. కారణం తేలకపోయినా ఖర్చు ఆగదు. ఇంటి పెద్ద మంచాన పడితే చదువుకుంటున్న కొడుకు పనికి బయల్దేరతాడు. తుపాను వలస వార్తల్లోకి వస్తుంది. ఇలాంటి వలస మాత్రం ఇంటింటి కథగా మిగిలిపోతుంది. నెమ్మదిగా వచ్చే నష్టం కుటుంబాన్ని ముందు అప్పులోకి దింపుతుంది, ఊరు దాటించేది ఆ తర్వాతే. సరిహద్దు దాకా వచ్చేసరికి మొదటి కారణం కాగితాల్లో ఎక్కడా ఉండదు.

ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది. ఇచ్ఛాపురంలో రైలెక్కి చెన్నై వెళ్లడానికి జనరల్ టికెట్టు చాలు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) ఓడ ఉంది. అండమాన్‌లో ఉత్తరాంధ్ర తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడటానికి అదే దారి. వందల మైళ్ల సముద్రం దాటినా పాస్‌పోర్టు అక్కర్లేదు. గల్ఫ్‌కు అలా కాదు. పాస్‌పోర్టు, మెడికల్, ట్రేడ్ టెస్టు, ఏజెంటు కమీషను, విమానం టికెట్టు, ఇవన్నీ కలిస్తే చేతిలో రొక్కం ఉన్నవాడికే సాధ్యం. లేదంటే నూటికి మూడు రూపాయల వడ్డీకైనా అప్పిచ్చే మనిషి ఉండాలి. తాకట్టు పెట్టడానికి అరెకరం తోటో, పుస్తెలతాడో ఉండాలి. అప్పు పుట్టనివాడు భువనేశ్వర్ దగ్గరో చెన్నై దగ్గరో ఆగిపోతాడు. పర్యావరణం బాగా దెబ్బతిన్నచోట ఈ తాకట్టు సరుకే ముందు కరిగిపోతుంది. కాబట్టి నష్టం పెరిగేకొద్దీ విదేశీ వలస పెరుగుతూ పోతుందనుకోవడం సరికాదు. కొంత దాకా పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. మరీ చితికిపోయిన కుటుంబానికి ఎక్కడికీ కదిలే శక్తి ఉండదు. బ్రిటన్ ప్రభుత్వం చేయించి 2011లో వెలువరించిన ఒక పెద్ద అధ్యయనం ఇలా చిక్కుకుపోయినవాళ్ల గురించే గట్టిగా హెచ్చరించింది. వలస పోయేవాళ్లతో పాటు, పోలేనివాళ్ల గురించి కూడా ప్రభుత్వాలు ఆలోచించాలని దాని వాదన. పదేళ్లకు పైగా గడిచినా చర్చ ఇంకా పోయేవాళ్ల చుట్టూనే తిరుగుతోంది.

బంగ్లాదేశ్ దక్షిణ జిల్లాల్లోనూ ఇదే కనిపిస్తుంది. 2009 మేలో ఐలా తుపాను కట్టలు తెంచి, ఉప్పునీటిని పొలాల్లో నింపింది. అంతకు ముందు నుంచే వరి మళ్లు రొయ్యల చెరువులుగా మారుతున్నాయి. వరికి కావలసినంత మంది కూలీలు రొయ్యల చెరువుకు అక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో చెరువుల పక్క పొలాలు చవుడు బారడం చూసినవాళ్లకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. అక్కడి కూలీల్లో ఎక్కువ మంది చేరేది ఖుల్నా, ఢాకా మురికివాడలకే. గల్ఫ్‌కో మలేసియాకో వెళ్లేవాళ్లు భూమి అమ్మో, అప్పు చేసో వెళ్లగలిగినవాళ్లు.

ఇక సముద్రం. పెదజాలరిపేట నుంచి భీమిలి దాకా, అటు పూడిమడక దాకా ఏ పల్లెలో అడిగినా చెప్పేది ఒకటే, ఒడ్డున దొరికే చేప ఇప్పుడు దూరం వెళ్తే గాని దొరకడం లేదు. మరబోట్ల సంఖ్య పెరిగింది, డీజిలు ఖర్చు పెరిగింది, కాలుష్యం సంగతి సరేసరి. ఉన్న చేప కోసం పోటీ ఎంత పెరిగిందంటే, 2022 జనవరిలో, చేపల గుంపును చుట్టుముట్టి పట్టే రింగు వలల వాడకం మీద విశాఖ తీరంలోని జాలరి పల్లెలే ఒకదాని మీదికొకటి వెళ్లాయి. శ్రీకాకుళం తీరంలో పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. పొడవైన తీరం ఉన్నా పెద్ద పడవలు ఆగడానికి సరైన హార్బరు లేదు. అందువల్ల ఏటా వేలమంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి, అక్కడి యజమానుల బోట్ల మీద బోటు నడిపే తండేళ్లుగా, వాళ్ల కింద పనిచేసే కలాసీలుగా నెలల తరబడి వేట చేస్తారు.

ఈ దేశీయ వలస ఒకసారి అనుకోకుండా విదేశీ వ్యవహారమైంది. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకెళ్లిన బోట్లను పాకిస్థాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. వాటిలో ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఉన్నారు. వాళ్లలో 20 మంది ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. పట్టుబడటానికి నెల ముందు వచ్చిన తిత్లీ వల్లే వాళ్లు వెళ్లారని చెప్పడానికి లేదు. అది ఏటా జరిగే ప్రయాణమే. కానీ సొంత తీరంలో వేట గిట్టుబాటైన మనిషికి రెండువేల కిలోమీటర్ల అవతల, ఎక్కడ గీసి ఉందో నీళ్ల మీద కనబడని సరిహద్దు పక్కన వల వేయాల్సిన అవసరం రాదు.

ఇదే పశ్చిమ ఆఫ్రికాలో పెద్ద ఎత్తున జరుగుతోంది. సెనెగల్ తీరంలో విదేశీ ట్రాలర్లు దశాబ్దాలుగా చేపను ఊడ్చేశాయి. అక్కడి జాలర్లు వాడే పొడవాటి రంగురంగుల చెక్క నావలు అట్లాంటిక్ కెరటాలను తట్టుకోగలవు. చేప తగ్గాక ఆ నావలే మనుషుల్ని ఎక్కించుకుని స్పెయిన్ అధీనంలోని కానరీ దీవుల వైపు తిరిగాయి. 2006 ఒక్క ఏడాదిలోనే పశ్చిమ ఆఫ్రికా తీరం నుంచి 31 వేల మందికి పైగా ఆ దీవులకు చేరారు. 2024లో ఆ సంఖ్య 46 వేలు దాటింది. పర్యావరణం నేరుగా సరిహద్దు దాటించే అరుదైన సందర్భాల్లో ఇదొకటి. కారణం కూడా స్పష్టమే: దాటడానికి కావలసిన పెట్టుబడి, అంటే పడవ, సముద్రం తెలిసిన సరంగు, అప్పటికే ఊళ్లో ఉన్నాయి. ఆ చేపలో కొంత భాగం ఐరోపా పళ్లేల్లోకే వెళ్లిందన్న సంగతి అక్కడి తీరరక్షణ చర్చల్లో పెద్దగా వినిపించదు.

విశాఖకు ఇంతకన్నా పాత అనుభవం ఉంది. 19వ శతాబ్దం చివరి నుంచి విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, కాకినాడ రేవుల్లో వేలాది మంది రంగూన్ స్టీమరు ఎక్కారు. 1866 కరవు, 1888–89 కరవు అప్పటి గంజాం జిల్లాను పిండేశాయి. నేటి శ్రీకాకుళం ప్రాంతం అప్పుడు అందులోనే ఉండేది. అయినా కరవు మనిషిని బయటికి నెట్టగలదే గాని టికెట్టు కొనివ్వలేదు. ఆ పని మేస్త్రీ చేసేవాడు. స్టీమరు ఛార్జీ, ఇంటికి ఇచ్చే అడ్వాన్సు అతనే పెట్టి, రంగూన్ రేవులోనో బియ్యం మిల్లులోనో పనికి దింపి, కూలీలోంచి కోసుకునేవాడు. నేటి ఏజెంటు చేసేదీ దాదాపు అదే. కాకపోతే అప్పు ఇచ్చేది వేరే మనిషి, తాకట్టు వేరే మనిషి దగ్గర. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు, రంగూన్ నగర జనాభాలో సగానికి మించి వాళ్లే. 1930 మేలో తెలుగు రేవు కూలీల సమ్మె, వాళ్ల స్థానంలో బర్మీయులను తీసుకోవడం, తర్వాత జరిగిన అల్లర్లు చూస్తే, వలసొచ్చినవాళ్ల మీద స్థానికుల కోపం ఈనాటిది కాదని తెలుస్తుంది.

ఈ కథలో తరచూ మరచిపోయే సంగతి ఒకటుంది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. శ్రీకాకుళం కూలీ రంగూన్ వెళ్లడం ఆనాటి లెక్కలో దేశం లోపలి వలస. ఆ రోజు తర్వాత అదే మనిషి, అదే మిల్లులో, విదేశీయుడయ్యాడు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది కొండలూ అడవులూ నడిచి తిరిగొచ్చారు. 1962 సైనిక పాలన తర్వాత జాతీయీకరణతో మరో మూడు లక్షల మంది దాకా వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా మిగిలిందే. బెంగాల్ డెల్టాలోనూ అంతే: ఖుల్నా నుంచి కలకత్తా వెళ్లడం 1947 వరకు పక్క జిల్లాకు పోవడం. ఆ తర్వాత అది చొరబాటు. వరదలూ తుపాన్లూ అప్పటికీ ఇప్పటికీ అదే డెల్టా మీద వస్తున్నాయి. మారింది గీత. 'అంతర్జాతీయ పర్యావరణ వలస' పెరిగిందా తగ్గిందా అని గ్రాఫులు గీసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే అది చెప్పేది తక్కువే. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక సామాజిక వర్గానికి చెందడం వంటి కారణాలతో వేధింపుకు గురయ్యేవాడే శరణార్థి. సముద్రం ఎవర్నీ ఆ అర్థంలో వేధించదు. భారత్ ఆ ఒప్పందంలో చేరనే లేదు. పసిఫిక్‌లోని కిరిబాస్ (కిరిబాటి) దీవుల నుంచి న్యూజిలాండ్ వెళ్లిన ఇయోనే టెయిటియోటా తనను వెనక్కి పంపొద్దని అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2015లో ఓడిపోయాడు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా అతనికి అనుకూలంగా తేల్చలేదు. కానీ వాతావరణ మార్పు ప్రాణానికే ముప్పయ్యే చోటికి మనిషిని తిప్పి పంపడం హక్కుల ఉల్లంఘన కావచ్చని 2020 జనవరిలో వెల్లడైన ఆ నిర్ణయంలో ఉంది. పసిఫిక్‌లోనే ఉన్న తువాలు విషయంలో దారి వేరు. ఆ దేశ పౌరులకు ఏటా 280 మందికి ఆస్ట్రేలియాలో స్థిరపడే వీలిచ్చే ఒప్పందం 2023 నవంబరులో కుదిరి, 2024లో అమల్లోకి వచ్చింది. జనాభా మొత్తం పదకొండు వేలు మించని దేశం కాబట్టి ఇది కుదిరింది. ఇలాంటి ఏర్పాటు బంగ్లాదేశ్‌కు ఎవరైనా ఇస్తారనుకోవడం అమాయకత్వం.

వెళ్లిన చోట పర్యావరణం ఎలా ఉందన్నది ఇంకా తక్కువగా చర్చకొచ్చే విషయం. ఉద్దానంలో ఎండకూ నీటికీ జడిసి బయల్దేరిన మనిషి ఖతార్‌లోనో సౌదీలోనో ఇంకా మండే ఎండలో పని చేస్తాడు. ఖతార్ 2021లో నిబంధనలు మార్చి, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయటి పనులు ఆపాలంది. గల్ఫ్ నుంచి నేపాల్‌కు తిరిగొచ్చిన యువకుల్లో కిడ్నీలు దెబ్బతిన్న కేసులను అక్కడి డాక్టర్లు కొన్నేళ్లుగా చూస్తున్నారు. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లకు మెడికల్ పరీక్ష పాసయితే చాలదు. ఎండలో ఎన్ని గంటలు, తాగడానికి ఏ నీళ్లు అన్నది ఒప్పందం కాగితం మీద ఉండాలి. వీసా గడువు దాటి కల్లివెల్లిగా మిగిలినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, వాళ్లకు ఆ కాగితమే లేదు.

నగరానికి తిరిగొద్దాం. విశాఖ ఔటర్ హార్బరు కట్టాక దక్షిణం నుంచి ఉత్తరానికి సహజంగా కదిలే ఇసుకకు అడ్డుపడి, ఆర్కే బీచ్ కోసుకుపోతూ వచ్చింది. దానికి పోర్టు డ్రెడ్జరుతో ఇసుక తోడి పోయిస్తున్నారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లకు ఇళ్లే, వీధులే సముద్రంలో కలిసిపోయాయి. అక్కడ ఇంత ఖరీదైన ఇసుక వైద్యం జరగలేదు. కోత రెండు చోట్లా ఉంది. ఇల్లు వదలాల్సి వచ్చింది ఒకచోటే. పర్యావరణ నష్టం, వలస అన్న రెండు మాటల మధ్య ప్రభుత్వ బడ్జెట్టు అన్న మూడో మాట ఎప్పుడూ ఉంటుంది.

అందుకని, విదేశీ వలసను ఆపాలా వద్దా అన్న చర్చ కన్నా, అప్పు ఎప్పుడు పుడుతుంది, ఎవరి దగ్గర పుడుతుంది అన్నది చూడటం ఎక్కువ ఉపయోగం. తోట కూలిన ఏడాదిలోనే కొత్త మొక్క కాపుకొచ్చే దాకా సరిపడే బ్యాంకు రుణం దొరికితే, వడ్డీవ్యాపారి దగ్గరికి వెళ్లే అవసరం తగ్గుతుంది. వెళ్లాలనుకున్నవాడు కూడా తొందరపాటుతో కాకుండా, కాగితాలు చూసుకుని వెళ్లగలడు. 2024లో కంబోడియా సైబర్ మోసాల ముఠాలకు విశాఖ ప్రాంత యువకులను అమ్మేసిన ఏజెంట్ల ఉదంతం బయటపడింది. మోసపోయిన ఆ యువకులు తుపాను బాధితులని కాదు. అయితే అప్పూ తొందరా ఉన్న మనిషి లైసెన్సు లేని ఏజెంటుకు ఎంత తేలిగ్గా దొరుకుతాడో అది చూపించింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఏజెంట్ల రిజిస్ట్రేషను తప్పనిసరి. ఆ రిజిస్ట్రేషను జాబితా ఉద్దానం పంచాయతీ గోడ మీద ఎక్కడైనా కనిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న.

మత్స్యకారుల సంగతిలో చిక్కు ఇంకా చిన్నది, ఇంకా కచ్చితమైనది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ రెండు నెలలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో 20 వేల రూపాయలైంది. పశ్చిమ తీరంలో నిషేధం మొదలయ్యేది జూన్ 1న. వెరావల్ బోట్ల మీద పనిచేసే శ్రీకాకుళం మనిషికి ఖాళీగా ఉండేది ఆ రెండో క్యాలెండరు ప్రకారం. ఊళ్లో సాయం లెక్కగట్టేది మొదటి దాని ప్రకారం.